జీరో టికెట్టు మీద రామప్ప, లక్నవరం: అత్తాకోడళ్ల రెండు రోజుల ప్రయాణం

మా అత్తమ్మకు అరవై ఎనిమిదేళ్లు. ములుగు దిక్కున ఆమె చూసింది మేడారం ఒక్కటే. అదీ చిన్నప్పుడు ఎడ్లబండి మీద, పెళ్లయ్యాక ఒకసారి లారీలో. రామప్ప గుడి పేరు వినడమే గానీ, జనగామ నుంచి అంత దూరం ఒక గుడి చూసి రావడానికి పోవడమనేది మా ఇంట్లో ఎన్నడూ లేదు. పెళ్లికి పోతాం, చావుకు పోతాం, దవాఖానకు పోతాం. ఊరికే చూసి రావడానికి పోము. నేను బట్టలు కుడతాను. మిషన్ ఆగిన రోజు కూలి లేదు, దాని మీద ఇద్దరికి బస్సు ఛార్జీలు. ఈ లెక్క దగ్గరే ఏ ప్రయాణమైనా ఆగిపోయేది.

మొన్న కార్తీకంలో ఇద్దరం కలిసి రెండు రోజులు తిరిగొచ్చాం. నాలాంటి వాళ్లు ఎవరైనా పోదామనుకుంటే పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు బస్సు సంగతి. 2023 డిసెంబరులో మన తెలంగాణ రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఏడో తారీఖున కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేశారు, తొమ్మిదో తారీఖున మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులకు ఇది వర్తిస్తుంది. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే డబ్బు పెట్టి టికెట్టు తీసుకోవాల్సిందే. మన రాష్ట్రం సరిహద్దు దాకానే ఉచితం. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. కండక్టరు చూసి సున్నా వేసిన టికెట్టు చేతిలో పెడతారు. ఆ టికెట్టు ఖర్చు ప్రభుత్వం ఆర్టీసీకి కడుతుంది. 2025 జులై నాటికి ఇలాంటి టికెట్లు 200 కోట్లు దాటాయని లెక్క చెప్పారు. అందులో ఎక్కువ భాగం కూలికీ, కాలేజీకీ, ఆసుపత్రికీ పోయినవే అయ్యుంటాయి. మా ఇద్దరివీ మాత్రం గుడి, చెరువు చూడటానికి పోయినవి. నాకు తెలిసి ఆ బస్సులో అలాంటి వాళ్లం మేమొక్కళ్లమే కాదు.

హనుమకొండలో ములుగు దిక్కు పోయే బస్సు ఎక్కితే సగం మంది ఆడవాళ్ల చేతుల్లో ఒత్తుల డబ్బాలు, నూనె సీసాలు. ఒక కాలేజీ పిల్లగాడు లేచి అత్తమ్మకు సీటిచ్చాడు. ఆమె పక్కన కూర్చున్న ముసలామె పరకాల నుంచి వస్తోందట. "నా కొడుకుని అడగకుండ ఇల్లు కదిలింది ఇదే మొదలు" అంది. ఆ మాట అత్తమ్మ ఇంటికొచ్చాక కూడా రెండుసార్లు తలుచుకుంది.

జంగాలపల్లి దగ్గర దిగి ఆటోలో పాలంపేట పోవాలి. ఆటో అన్నతో మాట కలిపాను. ఫ్రీ బస్సు వచ్చాక ఊళ్ల మధ్య తిరిగే గిరాకీ బాగా పడిపోయిందని చెప్పాడు, కిస్తీలు కట్టడం కష్టమైందట. క్రాస్ రోడ్డు నుంచి గుడికి పోయే జనం మాత్రం పెరిగారట, అందుకని ఇక్కడికి మారాడు. పోయింది పెద్దది, వచ్చింది చిన్నది అన్నాడు. అతని కష్టం కూడా ఇక్కడ రాయడం న్యాయమనిపించింది. నాకు బస్సు ఉచితం అయిందంటే అతని చేతి నుంచి కొంత జారిందన్నమాటే.

ఇక రామప్ప. 1213లో కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంలో ఆయన సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. గోపురానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలేంత తేలిక. పునాదిలో ఇసుక నింపి దాని మీద కట్టారు. ఇవన్నీ మీరు ఎక్కడైనా చదువుతారు. నేను దర్జీదాన్ని, నాకు కనబడింది వేరే.

కప్పు కింద, బయటి వైపు, నల్లరాతి మదనికలు, అంటే నాట్యం చేసే ఆడవాళ్ల బొమ్మలున్నాయి. తల పైకెత్తి చూడాలి. ఒక్కో బొమ్మ నడుము దగ్గర బట్ట ఎక్కడ బిగిసింది, ఎక్కడ వదులైంది, తొడ మీద మడత ఎటు పడింది అన్నది రాయి మీద అట్లాగే ఉంది. బట్ట పడే తీరు తెలియని మనిషి ఆ గీత పెట్టలేడు. నేను ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను, చంక దగ్గర ముడత రాకుండా కత్తిరించడం నేర్చుకోవడానికే నాలుగేళ్లు పట్టింది. ఒక మదనిక కాళ్లకు మడమ ఎత్తు చెప్పులున్నాయి. అత్తమ్మ నమ్మలేదు, మళ్లీ వెనక్కి పోయి చూసింది.

లోపల మండపంలో ఒక స్తంభం దగ్గర గైడు మమ్మల్ని ఆపాడు. చెక్కడంలో వరసగా సన్నని రంధ్రాలు. టార్చి వేసి చూపిస్తే వెలుగు అవతలికి వచ్చింది. సన్నటి పుల్ల ఒకటి దూర్చి చూపించాడు. నా కంటికి అది మిషన్ సూది పట్టేంత ఉంది, అంతకు మించి లేదు. ఇనుప ఉలితో, రాయి పగలకుండా, ఎనిమిది వందల ఏళ్ల కింద! నేను అక్కడే కాసేపు నిలబడిపోయాను. గైడు తొందరపెట్టలేదు. అతనికి మేము అడిగిన ప్రతిదానికీ జవాబుంది, అదీ మాకు అర్థమయ్యే తెలుగులో. గర్భగుడి ముందున్న నందిని చూపించి "ఎటు నిలబడ్డా మిమ్మల్నే చూస్తది" అన్నాడు. అత్తమ్మ మూడు వైపులా తిరిగి చూసి తలూపింది. ఇద్దరికీ కలిపి అతనికి ఇచ్చిన డబ్బే ఈ ప్రయాణంలో నేను అన్నిటికంటే ఇష్టంగా పెట్టిన ఖర్చు.

ఆ రాత్రి ములుగులో అత్తమ్మ చెల్లెలి బిడ్డ ఇంట్లో పడుకున్నాం. మా పాప డిగ్రీ చదువుతోంది. ఫోన్‌లో ఈ ప్రాంతానికి ఎంత డబ్బు వచ్చిందో చదివి వినిపించింది. 2014లో ఢిల్లీలో ప్రభుత్వం మారింది, అదే ఏడాది జూన్ 2న మన రాష్ట్రం ఏర్పడింది. ఆ తర్వాత కేంద్రం స్వదేశ్ దర్శన్ అని పథకం పెట్టి, ములుగు, లక్నవరం, మేడారం, తాడ్వాయి, మల్లూరు, బొగత ఇవన్నీ ఒకే యాత్రా మార్గంలో, గిరిజన సర్క్యూట్‌గా కలిపి సుమారు 80 కోట్లు మంజూరు చేసింది. రామప్ప దగ్గర వసతులకు, పుణ్యక్షేత్రాల కోసం కేంద్రమే పెట్టిన ప్రసాద్ పథకంలో మరో 62 కోట్ల దాకా. 2022 డిసెంబరులో రాష్ట్రపతి దానికి శంకుస్థాపన చేశారు. విన్నప్పుడు అత్తమ్మ అడిగింది ఒక్కటే: "గన్ని పైసలు పెట్టినప్పుడు మొన్నటిదాంక మనమెందుకు రాలే బిడ్డా?"

దానికి నా దగ్గర జవాబుంది. కాటేజీ కట్టినా, వంతెన కట్టినా అవి వచ్చినవాళ్ల కోసం. రాలేని వాళ్లను అక్కడిదాకా తీసుకొచ్చే ఖర్చు వేరు. మాకు ఆ రెండోది దొరికాకే మొదటిది కళ్లబడింది. ప్రభుత్వాలు రెండూ చేయాలి, కానీ ముందు ఏదని అడిగితే నేను బస్సే అంటాను.

రెండో రోజు లక్నవరం. చల్వాయి దగ్గర దిగి మళ్లీ ఆటో. కాకతీయుల నాటి చెరువు, చుట్టూ గుట్టలు, మధ్యలో దీవులు. కార్తీకంలో నీళ్లు నిండుగా ఉన్నాయి. వేలాడే వంతెన మీద నడుస్తుంటే కాళ్ల కింద కొద్దిగా ఊగుతుంది. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, మొదట భయపడింది. నా భుజం పట్టుకుని మెల్లగా సగందాకా వచ్చాక చెయ్యి వదిలేసింది. బోటు కూడా ఎక్కాం. ఈ చెరువు కింద ఇప్పటికీ వరి పారుతుందని తెలిసి ఆమె ఎన్ని ఎకరాలు, ఎన్ని తూములు అని బోటు నడిపే అబ్బాయిని అడుగుతూనే ఉంది. చూసి మురిసే చెరువు కంటే పొలానికి నీళ్లిచ్చే చెరువు ఆమెకు ఎక్కువ నచ్చింది.

ఇప్పుడు బాధపడ్డ సంగతి. ఈ రెండు రోజుల్లో మేము ఆగిన ఒక చోట, పేరు రాయను, కొత్తగా కట్టిన మరుగుదొడ్ల భవనం ఉంది. టైల్స్ వేశారు, గోడ మీద ఆడవాళ్ల బొమ్మ. తలుపుకు తాళం. తాళంచెవి ఉన్న మనిషి భోజనానికి పోయాడన్నారు. అరగంట తర్వాత వచ్చి తీస్తే నల్లాలో నీళ్లు లేవు. అత్తమ్మ అప్పటికే ఓపిక పట్టలేక చెట్ల చాటుకు పోయింది. తిరిగి వచ్చేటప్పుడు నా మొహం చూడలేదు, ఆటోలో చాలాసేపు మాట్లాడలేదు. షుగరున్న ముసలామె ఆమె. నెల నెలా ఒక ఆయాకు జీతం, ట్యాంకులో నీళ్లు, ఇంతే కదా కావాల్సింది. కట్టడానికి ఒకసారి డబ్బు ఇస్తే సరిపోదు, నడపడానికి ప్రతి నెలా ఇవ్వాలి. సర్క్యూట్ల లెక్కలు వేసేవాళ్లు ఎవరైనా ఇది చదివితే, ఈ ఒక్క ముక్క మాత్రం మళ్లీ చదవండి.

ఇంకో లోటు ఆఖరి ఆ కొన్ని కిలోమీటర్లు. మా ఇద్దరికీ బస్సుకు రూపాయి ఖర్చు కాలేదు గానీ, క్రాస్ రోడ్ల నుంచి లోపలికి, మళ్లీ బయటికి ఆటోలకు పన్నెండు వందలైంది. ఆటో అన్నలకు ఆ గిరాకీ ఉండాలనే నా కోరిక. కానీ నలుగురైదుగురు కలిసి పోతే మనిషికి రెండు వందల నలభై నుంచి మూడు వందల్లో అయిపోతుంది. అందుకని ఇద్దరే పోకండి. వాడకట్టు ఆడవాళ్లు కలిసి పొండి.

వంద మార్కులకు ఎంత వేస్తానంటే, బస్సుకు తొంభై, రామప్పకు వంద, లక్నవరానికి ఎనభై అయిదు. ఆ తాళం వేసిన గదికి సున్నా.

పోయేవాళ్లు తొందరగా బయల్దేరండి, జనగామలో నేను తెల్లారి అయిదున్నరకే బస్సెక్కాను. రామప్ప దగ్గర కనీసం మూడు గంటలు పెట్టుకోండి, మధ్యాహ్నం రాయి కాలుతుంది. నీళ్ల సీసాలు రెండు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు చేతికర్ర.

బొగత జలపాతం ఈసారి కుదరలేదు. వాజేడు దాకా పోవాలంటే ఇంకో రోజు కావాలి, నేను ఒప్పుకున్న పెళ్లి జాకెట్లు ఇంటి దగ్గర ఎదురుచూస్తున్నాయి. అత్తమ్మ తన టికెట్లన్నీ వక్కల సంచిలో మడిచి పెట్టుకుంది. వచ్చే వానాకాలం నాట్లు అయిపోగానే బొగత అని పక్కింటి ఇద్దరు ముసలమ్మలకు ఇప్పుడే మాటిచ్చేసింది.