ఆరేళ్ళు వాడాక కూడా ఈ సాఫ్ట్‌వేర్‌లో 50 అంటే ఎంతో చూసుకోవాల్సిందే

ఆరేళ్ళుగా ఇంట్లో పాటల మిక్సింగ్‌కి ఈ సాఫ్ట్‌వేరే వాడుతున్నాను. పేరు రాయడం లేదు, ఈ జబ్బు దీనొక్కదానిదే కాదు కాబట్టి. ముందు మంచి చెప్పేస్తా: నా పాత ల్యాప్‌టాప్‌లో 40 ట్రాకులు పెట్టినా మొరాయించదు, క్రాష్ అయిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

గొడవంతా వాల్యూమ్ దగ్గరే. మిక్సర్ ఫేడర్ (ట్రాక్ వాల్యూమ్ పెంచి తగ్గించే మీట) మీద డీబీ, అంటే డెసిబెల్, ధ్వని స్థాయి కొలత. శాంప్లర్‌లో (రికార్డు చేసిన శబ్దాల్ని వాయించేది) శాతం. మిడి (వాయిద్యాలకి ఏ స్వరం ఎలా పలకాలో ఆదేశాలు పంపే పద్ధతి) ట్రాక్‌లో 0 నుంచి 127. దీంతోపాటే వచ్చే సింథ్‌లో (శబ్దాన్ని తనే పుట్టించే వాయిద్యం) మళ్ళీ శాతమే, కాకపోతే అది వేరే శాతం! ఈ ముక్క తెలియడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

ఒక భక్తిగీతంలో గొంతు మీదికి శాంప్లర్‌లోని తబలా, సింథ్‌లోని ప్యాడ్ (వెనకాల సాగుతూ ఉండే స్వరాలు) వచ్చేస్తున్నాయని రెండింటినీ 50 నుంచి 25కి దించాను. తబలా చక్కగా సర్దుకుంది. ప్యాడ్ మాత్రం పత్తా లేదు. చెవులు అలిసిపోయాయేమోనని పడుకున్నా. పొద్దున్న విన్నా అంతే. చివరికి రెండింట్లోనూ సైన్ టోన్ (ఒకే స్థాయిలో సాగే శుద్ధ స్వరం) మోగించి మీటర్ చూశాను. శాంప్లర్ ఆ శాతంతో సిగ్నల్‌ని నేరుగా గుణిస్తోంది, సగానికి దించితే 6 డీబీ తగ్గుతుంది. సింథ్ మాత్రం ఆ శాతం వర్గంతో (శాతాన్ని శాతంతోనే గుణిస్తే వచ్చేదానితో) గుణిస్తోంది, అక్కడ అదే సగానికి 12 డీబీ పోతుంది.

వర్గం చెయ్యడం తప్పనను. చెవికి నిజానికి అదే నయం. నేరుగా గుణించే నాబ్‌లో 100 నుంచి 50 దాకా తిప్పినా తగ్గేది 6 డీబీయే, మిగతా తగ్గుదలంతా కింది సగంలో ఇరుక్కుంటుంది. నా బాధల్లా రెండింటికీ ఒకే శాతం గుర్తు పెట్టడం గురించే. మా ఊరి మైక్‌సెట్ అబ్బాయికి "రెండు గీతలు తగ్గించు" అంటే చాలు, ఏ నాబ్ గీతలని అడగడు.

మిడి సంగతి ఇంకో తమాషా. జనరల్ మిడిలో (మిడి వాయిద్యాలకి పెట్టిన ఉమ్మడి ప్రమాణం) ఛానల్ వాల్యూమ్ మొదట 100 దగ్గర ఉంటుంది. 100 అంటే నిండుగా ఉందనుకుంటాం కదా, నిండు 127. జనరల్ మిడి సూచించే లెక్క ప్రకారం ఆ 100 అంటే నిండుకి దాదాపు 4 డీబీ తక్కువ, 64 అంటే దాదాపు 12 తక్కువ.

ఇప్పుడు ఏ నాబ్‌లో ఏ అంకెకి ఎన్ని డీబీలో కొలిచి, కాగితం మీద రాసి మానిటర్ కింద అంటించుకున్నా. వీలైనంతవరకు ఇన్‌స్ట్రుమెంట్ల వాల్యూమ్ ముట్టుకోను, హెచ్చుతగ్గులన్నీ మిక్సర్ ఫేడర్‌లోనే. ఆటోమేషన్ (పాట నడుస్తుండగా వాల్యూమ్ దానంతటదే మారేలా పెట్టే గీత) గీసేటప్పుడు మాత్రం తప్పదు, అక్కడ మళ్ళీ శాతాలే.

ఇన్నేళ్ళలో రంగుల థీమ్ మూడుసార్లు మార్చారు. నాబ్ మీద రైట్ క్లిక్ చేసి డీబీలో టైప్ చేసే సౌకర్యం మాత్రం ఇంకా రాలేదు. 5కి మూడున్నర ఇస్తున్నా. కొత్తగా కొనేవాళ్ళు నిరభ్యంతరంగా కొనొచ్చు, మొదటి రోజే ఒక సైన్ టోన్ పెట్టి నాబ్‌లన్నీ కొలిచి పెట్టుకోండి. గంట పని.