సగంలో ఆగిన ఎం.జి.బి. రోడ్‌స్టర్: వేలంలో పాడుకున్న బండిపై ఒక సమీక్ష

పైకప్పు మడిచి నడుపుకొనే పాత కారు కొనాలన్న కోరిక ఇంగ్లాండుకు వచ్చిన కొత్తలోనే పుట్టినా, పూర్తిగా బాగుచేసిన బండ్ల ధరలు చూసి చాలాకాలం వెనకాడాను. చివరికి నిరుడు ఒక వేలం సంస్థలో, ఎవరో మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన 1966 నాటి ఎం.జి.బి. రోడ్‌స్టర్ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారును పాడుకున్నాను. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు.

ఈ రకాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1962 నుంచి 1980 వరకు ఇంగ్లాండులోని అబింగ్డన్‌లో తయారైన ఎం.జి.బి.లు, స్థిరమైన పైకప్పు గల జి.టి.తో కలుపుకొని, ఐదు లక్షలకు పైమాటే కనుక విడిభాగాలకు కొరత లేదు. 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ దీనికి కొత్త బాడీని కూడా తయారుచేసి అమ్ముతోంది. 1798 సి.సి. ఇంజను, దానికి పెట్రోలు, గాలి కలిపి అందించే జంట ఎస్.యు. కార్బురేటర్లు సాధారణ మెకానిక్కుకు అర్థం కానంత చిక్కుగా ఉండవు. అయితే ఆ ఏడాది బండ్లలో బ్యాటరీ ప్లస్ కొనను బాడీకి కలుపుతారు. మనకు అలవాటైన పద్ధతికి ఇది తలకిందులు కాబట్టి, కొత్త రేడియో బిగించే ముందు ఒకసారి ఆగి చూసుకోవాలి.

కేటలాగులో వెల్డింగు, రంగు పూర్తయ్యాయనీ, బిగింపు మాత్రమే మిగిలిందనీ రాశారు. చూడటానికి ఇచ్చిన రెండు గంటల్లో టార్చిలైటుతో అడుగుభాగమంతా వెతికాను, లప్పం మందంగా పూశారేమోనని అయస్కాంతం ఆనించి పరీక్షించాను. కొత్త రేకు, మంచి రంగు. తలుపులు మాత్రం ఊడదీసి, దుప్పట్లో చుట్టి, వెనకవైపు పెట్టారు. గీతలు పడకుండా తీసుకున్న జాగ్రత్త కాబోలనుకొని మెచ్చుకున్నాను కూడా.

మా ఊరి చెరువు వేలం పాటలు చూస్తూ పెరిగినవాణ్ణి. అక్కడ ఎంతకు పాడితే అంతే కట్టాలి. ఇక్కడ 4,200 పౌండ్లకు పాట నాదయ్యాక, దాని మీద 15 శాతం కొనుగోలుదారు రుసుము, ఆ రుసుము మీద మళ్లీ 20 శాతం వ్యాట్ కలిసి లెక్క 4,956 పౌండ్లకు చేరింది. షరతుల్లో స్పష్టంగానే ఉన్నా, పాడేటప్పటి వేడిలో అది గుర్తుండలేదు.

అసలు సంగతి ఇంటికి తెచ్చి తలుపులు బిగించిన రోజున బయటపడింది. కుడి తలుపు గొళ్లెం దాకా వచ్చి ఆగిపోయింది, ఎడమది మూసుకుంది గానీ పైన వేలు పట్టనంత ఇరుకు, కింద బొటనవేలు దూరేంత సందు. ఈ కారుకు అడుగున బరువు మోసే ఇనుప చట్రం (ఛాసిస్) విడిగా లేదు, పైకప్పు ఆధారమూ లేదు. అందువల్ల ముందుభాగాన్నీ వెనకభాగాన్నీ కలిపి నిలబెట్టే బరువులో ఎక్కువ భాగం తలుపుల కింద గడపల్లా సాగే సిల్స్ మీదే పడుతుంది. అవి బయటి రేకు, లోపలి రేకు, అడుగున మరో పట్టీ కలిసిన పెట్టెల వంటివి. తుప్పు పట్టిన సిల్‌ను కోసే ముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప కడ్డీలు వెల్డు చేసి కొలత బిగించకపోతే, కోసిన క్షణంలోనే బాడీ నడుం దగ్గర కుంగుతుంది, ఆ కుంగిన స్థితిలోనే కొత్త రేకు అతుక్కుపోతుంది. నా ముందు యజమాని చేసింది సరిగ్గా ఇదే. చేతిపని శుభ్రంగా ఉంది, కొలతే తప్పింది. దాన్నంతా మళ్లీ కోసి, బాడీని సరిచేసి, కొత్త సిల్స్ వేయించడానికి పాట ధర కన్నా ఎక్కువే ఖర్చయింది. అసలు ముట్టుకోని తుప్పు బండి అయితే ఈ పని ఒక్కసారే చేయించేవాణ్ణి.

పదకొండు పెట్టెల సామానులో సగానికే చీటీలున్నాయి, మడిచే పైకప్పును నిలిపే హుడ్ ఫ్రేము అసలే లేదు. ఫిర్యాదు చేస్తే, ఉన్నది ఉన్నట్టుగా అమ్మామని సంస్థ మర్యాదగానే చెప్పింది. షరతుల ప్రకారం వారిది తప్పు కాదు. రిజిస్ట్రేషన్ పత్రంలో ఛాసిస్ నంబరు అని రాసే బండి గుర్తింపు సంఖ్య బండి మీది నంబరుతో సరిపోయింది, రవాణాకు ఇచ్చిన గడువు కూడా సరిపడా ఉంది. వేలం సేవకు ఐదింటికి మూడున్నర ఇస్తాను, బండికి రెండు. తలుపులు బిగించి లేని రోడ్‌స్టర్‌ను మళ్లీ పాడాల్సి వస్తే ఇందులో సగం ధర కూడా పలకను.

ఇప్పుడు రెండు తలుపులూ ఒక్క తోపుతో మూసుకుంటున్నాయి. హుడ్ ఫ్రేము కోసం ఇంకా వెతుకుతున్నాను కాబట్టి వాన సూచన లేని ఆదివారాల్లోనే బండి బయటికి వస్తోంది.