ఎనిమిది ముక్కల మెదడు బొమ్మ: ఫిజియోథెరపీ గదిలో వాడి చూశాక

అమలాపురంలో ఫిజియోథెరపీ చేస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కాలూ చెయ్యీ పడిపోయినవాళ్ళే. వాళ్ళ ఇంట్లోవాళ్ళకి చూపించడానికని ఈ మెదడు బొమ్మ తెప్పించాను. పీవీసీతో చేసింది, అసలు మెదడంత సైజు, ఎనిమిది ముక్కలుగా ఊడొస్తుంది. పార్సిల్ ఖర్చుతో కలిపి మూడు వేల లోపే అయింది. కాలేజీ పిల్లల కోసం తయారుచేసిన వస్తువే గానీ, పేషెంటు మంచం పక్కన కూర్చునే భార్యకీ కొడుక్కీ దీని అవసరం ఇంకా ఎక్కువని నా అభిప్రాయం.

చెయ్యి పడిపోతే అందరి చూపూ ఆ చేతి మీదే ఉంటుంది. పావురం నెత్తురు రాస్తారు, నూనె కాచి మర్దనా చేస్తారు, పసరు పోయిస్తారు. "నరం చచ్చుబడిపోయిందండీ, నరాలకి బలం మందేదైనా రాయండి" అంటారు. చేతిలో నరం బాగానే ఉంది, కండా బాగానే ఉంది, దెబ్బ తగిలింది తలలో అని నోటితో ఎంత చెప్పినా ఎక్కదు. కుడి పక్క పడిపోయిన ఒక పెద్దాయన కూతురి చేతిలో బొమ్మ ఎడమ సగం పెట్టి, "నాన్నగారి చెయ్యి కదిలించేది ఇదమ్మా" అని వేలు పెట్టి చూపించాను. నేను వేలు తియ్యకముందే "ఇది ఎడమ పక్క కదండీ?" అంది. నాక్కావలసిన ప్రశ్న అదే. నోటితో చెప్పినన్నాళ్ళూ ఒక్కళ్ళూ అడగలేదు.

అప్పుడు కింది ముక్క, మెదడు వెన్నుపాములోకి దిగే చోటు మజ్జాముఖం ఉన్నది, ఊడదీసి చూపిస్తాను. కదలికల కోసం పైనుంచి దిగే నరాల పోగుల్లో చాలాభాగం ఇక్కడే అటువి ఇటూ, ఇటువి అటూ దాటతాయి. ఎడమ మెదడు దెబ్బతింటే కుడి పక్క పడిపోయేది అందుకే. ఈ బొమ్మ నన్ను బాగా నిరాశపరిచింది సరిగ్గా ఇక్కడే. మజ్జాముఖాన్ని నిలువునా రెండుగా చీల్చారు గానీ, ఆ దాటే చోటు తెలిసేలా ఒక్క గీత కూడా వెయ్యలేదు. ఎర్ర మార్కరుతో నేనే గీసుకున్నాను.

ఒక్కో సగం మీద నడినెత్తి నుంచి చెవి వైపు దిగే మధ్య గాడి మాత్రం చాలా బాగా పోశారు. గాడికి ముందున్న ముడత కదలికలది, వెనకది స్పర్శది. కళ్ళు మూసుకుని తడిమినా రెండూ విడివిడిగా తెలుస్తాయి. ముందు ముడత మీద కిందనుంచి పైకి వేలు జరుపుతూ చెబుతాను: ఇక్కడ నాలుక, పెదాలు, ముఖం, ఆ పైన బొటనవేలు, చెయ్యి, ఇంకా పైన భుజం, నడుం. నడుముకీ వీపుకీ కలిపి కొంచెం చోటే, బొటనవేలికీ పెదాలకీ మాత్రం బోలెడు. మరి కాలేదండీ అంటే, రెండు సగాలూ విడదీయాలి. కాలి చోటు బయటికి కనపడదు, నెత్తి దాటి ఆ రెండిటి నడుమ సందులోకి దిగిపోయి ఉంటుంది. ఒకే ముద్దగా వచ్చే చవక బొమ్మలు కొనొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఈ తేడా తెలియక ఇళ్ళల్లో ఎంత బాధపడతారో! "కాలు వచ్చేసింది, పట్టుకుని నడుస్తున్నాడు. చెయ్యి ఎందుకు రావట్లేదు? చేతికి మీరు సరిగ్గా చేయించట్లేదా?" అని అడుగుతారు. పక్షవాతాల్లో ఎక్కువగా మూసుకుపోయేది మెదడు పక్కభాగాన్ని తడిపే మధ్య ధమని. ముఖం, చెయ్యి దాని ఆయకట్టులోవి. కాలి చోటుకి ముందు ధమని వేరే ఉంది. బోదె పూడిపోతే దాని కింది చేనే ఎండుతుందిగానీ పక్క బోదె కింది చేను పచ్చగానే ఉంటుంది కదండీ అంటే, మా వైపు రైతులకి ఇంకో మాట అక్కర్లేదు. బొమ్మలో ధమనులు లేకపోవడం వల్ల అది కూడా మార్కరుతోనే గీసి చూపించాల్సి వస్తోంది.

అదే ఊపులో టైము సంగతి కూడా చెప్పేస్తాను. ఒంటి బరువులో మెదడు 2 శాతమే. ఒళ్ళు వాడుకునే ఆక్సిజన్‌లో మాత్రం 20 శాతం దానికే కావాలి. నెత్తురు ఆగితే నిమిషాల్లోనే కణాలు చావడం మొదలవుతుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే ఇవ్వాలి. అదీ సీటీ స్కాన్ తీసి, లోపల నెత్తురు చిట్లలేదని చూశాకే. లంకల్లోంచి పడవ దాటి, ఆటో పట్టుకుని, ఆపైన కాకినాడకో రాజమండ్రికో వెళ్ళాల్సినవాళ్ళకి మూతి వంకర పోయిన క్షణం నుంచే గడియారం నడుస్తున్నట్టు. తెల్లారేదాకా చూద్దాం అనుకోవడానికి లేదు.

మాట పోయినవాళ్ళ సంగతి వేరు. ఎడమ సగంలో, నుదుటి భాగం కింది అంచున ఉన్న ముడత మీద పచ్చ స్టిక్కరు అంటించాను. మాట పలికించేది ఇదేనని పాల్ బ్రోకా అనే ఫ్రెంచి డాక్టరు 1861లో గుర్తించిన చోటు అది. ఆయన చూసిన పేషెంటు ఏమడిగినా "టాన్" అని తప్ప ఇంకేమీ అనలేకపోయేవాడు, మనం చెప్పింది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. నా దగ్గర కూడా ఒకాయన దేనికైనా "అదే, అదే" అనేవారు. ఆయనకి మతి పోయిందని ఇంట్లో ఆయన ముందే మాట్లాడుకునేవాళ్ళు. బొమ్మ మీద పచ్చ స్టిక్కరూ, దానికి దూరంగా కణతల వెనక వైపు మాట అర్థం చేసుకునే చోటూ రెండూ చూపించాక వాళ్ళావిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన వైపు తిరిగి, "కాఫీ తాగుతారా?" అని అడిగింది. అంతవరకూ ఆయన్ని అడక్కుండానే పట్టించేదట. బొమ్మకి పెట్టిన డబ్బు నాకు అక్కడే తీరిపోయింది.

ఒంటి తూకం చూసే వెనక మెదడు, అంటే అనుమస్తిష్కం ముక్కలు బాగున్నాయి, సన్న ముడతలు కూడా కనిపిస్తాయి. తూలిపోయేవాళ్ళకి చెప్పడానికి చాలు. మెదడు నుంచే నేరుగా బయల్దేరే కపాల నరాలు 12 జతలు ఉండాలి, కొన్నిటికి మొదళ్ళు మాత్రమే పోశారు. ముఖాన్ని కదిలించే ఏడో నరం దొరుకుతుంది కాబట్టి ముఖ పక్షవాతం వాళ్ళకి పనికొస్తుంది.

ఇక లోపాలు. మొత్తం ఒకే లేత గులాబీ రంగు, ఏ భాగం ఎక్కడ మొదలైందో కొత్తవాళ్ళకి తెలియదు. అంకెల స్టిక్కర్లు మన ఉక్కకి మొదటి ఎండాకాలంలోనే లేచిపోయాయి. పేర్ల కార్డు ఇంగ్లీషులో, చీమ తలంత అక్షరాల్లో ఉంది. నేను తెలుగులో వేరే రాసుకుని లామినేషన్ చేయించాను. అనుమస్తిష్కం బిగించే ప్లాస్టిక్ పిన్ను ఒకటి పార్సిల్లోనే లేదు. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే పంపిస్తామన్నారు, ఇప్పటికీ పంపలేదు.

అన్నిటికన్నా నాకు లోటుగా ఉన్నది వెన్నుపాము. బొమ్మ మజ్జాముఖం దగ్గరే ఆగిపోతుంది. కోనసీమలో కొబ్బరి దింపుకి ఎక్కి చెట్టు మీంచి పడినవాళ్ళు వస్తూనే ఉంటారు. పెద్దవాళ్ళలో వెన్నుపాము నడుం పైభాగంలోనే అయిపోతుందనీ, అక్కణ్ణించి కిందికి నరాల కుచ్చే ఉంటుందనీ, దెబ్బ ఏ ఎత్తులో తగిలిందన్నదాన్ని బట్టి కాళ్ళు, మూత్రం, మలం అన్నీ మారతాయనీ వాళ్ళకి చెప్పాలి. పడ్డవాణ్ణి చంకల కింద చేతులేసి లేపకూడదు, నడుం వంగకుండా చెక్క మీద పడుకోబెట్టి తేవాలి అని ఊళ్ళోవాళ్ళకీ చెప్పాలి. దానికి వెన్నెముక బొమ్మ విడిగా కొనుక్కోవలసిందే.

ఫిజియోలకీ, పదో తరగతికి నియంత్రణ-సమన్వయం పాఠం చెప్పే మేస్టర్లకీ కొనమనే చెబుతాను. కొనేముందు ఇవి అడగండి: రెండు సగాలూ విడిపోతాయా, భాగాలకి రంగులు వేరుగా ఉన్నాయా, పిన్నులు పోతే విడిగా ఇస్తారా. ధమనులు ఎర్రగా అమర్చిన రకం కూడా దొరుకుతుంది, ధర ఎక్కువ. పక్షవాతం వాళ్ళని చూసేవాళ్ళయితే నేను కొన్నది వదిలేసి దానికే డబ్బు పెట్టండి.