సాపేక్ష కణం నడకకు కిస్కిట్ ఎంతవరకు పనికొస్తుంది?

క్వాంటమ్ వాక్ (నాణెం అనే క్యూబిట్ స్థితిని బట్టి కణం అడుగడుగునా అటో ఇటో జరిగే నడక) సర్క్యూట్ కట్టడం నేర్చుకోవడానికి ఐబీఎం వాళ్ల పైథాన్ లైబ్రరీ కిస్కిట్ మంచిదే, పైగా ఉచితం. అదే నడకలోంచి డిరాక్ సమీకరణం పాటించే సాపేక్ష కణం చలనం రాబట్టాలంటే మాత్రం సిమ్యులేటర్ దాటి వెళ్లకండి.

ట్యుటోరియళ్లలో నాణెంగా ఎక్కువగా హడమార్డ్ గేటే (సున్నా, ఒకటి స్థితులను సమంగా కలిపేది) కనిపిస్తుంది. ఇక్కడ అది కుదరదు. ద్రవ్యరాశి పాత్ర పోషించేది నాణెం కోణం, అది చిన్నదిగా ఉండాలి. క్యూబిట్‌ను కోరిన కోణం మేర తిప్పే ఆర్‌ఎక్స్ గేటు వాడండి. కాకపోతే ఆ గేటు ఇచ్చిన కోణంలో సగాన్నే లెక్కలోకి తీసుకుంటుంది: ద్రవ్యరాశి 0.1 కావాలంటే 0.2 ఇవ్వాలి. చాలామంది తప్పేది ఇక్కడే.

స్థానాలకు 8 క్యూబిట్లు (256 గడులు), నాణేనికి ఒకటి. ఒకే గడిలో మొదలుపెడితే అన్ని ద్రవ్యవేగాలూ కలగలిసిపోతాయి. అందుకే సంభావ్యత ప్రామాణిక విచలనం 20 గడులు ఉండే గాసియన్ (గంట ఆకారపు) పంపిణీతో మధ్యలో మొదలుపెట్టాలి. నాణెం సున్నాలో ఉంటే సగటు స్థానం సుమారు 31 అడుగులకోసారి, 5 గడులకు కాస్త తక్కువ మేర ఊగుతుంది. అదే జిట్టర్‌బెవెగుంగ్. ఊగుతూ ఒక పక్కకు కొద్దిగా జరుగుతుంది కూడా, అది బగ్ కాదు. ఊపు 63 అడుగులకోసారి వస్తోందంటే కోణం సగమే ఇచ్చారన్నమాట. హడమార్డ్‌తో నాణేన్ని సమంగా కలిపి మొదలుపెడితే ఊపు దాదాపు మాయమవుతుంది.

కణాన్ని జరిపే సర్క్యూట్ దగ్గర పొదుపు ఉంది. నాణెం అదుపులో ఒక ఇంక్రిమెంటు (స్థానాన్ని ఒకటి పెంచేది), ఒక డిక్రిమెంటు (ఒకటి తగ్గించేది) విడివిడిగా కడితే 3 స్థాన క్యూబిట్లకే అడుగుకు 42 సీనాట్‌లు (ఒక క్యూబిట్‌ను బట్టి ఇంకోదాన్ని తిరగేసే గేట్లు) కావాలి. దానికి బదులు నాణెం నుంచి స్థాన క్యూబిట్లన్నిటికీ సీనాట్, మామూలు ఇంక్రిమెంటు, మళ్లీ సీనాట్‌లు పెడితే 13తో పనైపోతుంది.

అయినా అసలు యంత్రం మీద లాభం లేదు. 8 క్యూబిట్లకు, 100 అడుగులకు గేట్లు వేలల్లోకి పోతాయి. గాసియన్ తయారీకే వందలు కావాలి. చివరికి నాయిస్ అన్ని గడుల్లోనూ సమంగా పరుచుకుంటుంది.

ఫలితం స్ట్రింగులో సున్నా క్యూబిట్ కుడిచివర ఉంటుందని మరవద్దు. పాత కోడ్‌లోని ఎగ్జిక్యూట్ ఫంక్షన్ 2024లో వచ్చిన కిస్కిట్ 1.0 నుంచి లేదు.

భౌతికశాస్త్రమే కావాలంటే పైథాన్ లెక్కల లైబ్రరీ నంపైలో రెండు కాంప్లెక్స్ అర్రేలు, ఒక రోల్ ఫంక్షన్ చాలు. 256 గడుల్లో 128 అడుగులు దాటితే రెండు కొసలూ కలిసిపోతాయి, అంతకుముందే ఆపండి.