జున్ను గిన్నెలో ఐదేళ్లు: చిన్న కుక్క తిండి గురించి నా అనుభవం

మా జున్ను పొమెరేనియన్. ఇప్పుడు దానికి ఏడేళ్లు. గత ఐదేళ్లుగా ఒకే పద్ధతిలో తిండి పెడుతున్నాం. చిన్న జాతి కుక్కల కోసం తయారుచేసిన డ్రై ఫుడ్ (బ్యాగుల్లో దొరికే ఎండు గింజల తిండి), దానికి తోడు ఇంట్లో ఉడికించింది కొంచెం. పొమ్, షిట్జూ, పగ్ లాంటివి పెంచుతూ ఏ బ్యాగ్ కొనాలో తేల్చుకోలేకపోతున్న వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మొదటి రెండేళ్లు దానికి మా ఇంటి తిండే. పొద్దున పెరుగన్నం, మధ్యాహ్నం చికెన్ అన్నం, సాయంత్రం అత్తయ్య టీ తాగుతూ పెట్టే గ్లూకోజ్ బిస్కెట్లు. అన్నీ ప్రేమతో పెట్టినవే. రెండేళ్లు నిండేసరికి జున్ను బరువు 6.9 కిలోలు. విశాఖ సీతమ్మధారలో మాది రెండో అంతస్తు. మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోయి, నాలుక బయటపెట్టి నా వైపు చూసేది. బొచ్చు ఎక్కువ కదా, ఎండకు అలా చేస్తోందనుకున్నాను.

పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తే, దాన్ని బల్ల మీద నిలబెట్టి నా చెయ్యి చూపించమన్నారు. "పిడికిలి బిగించి మెటికల మీద వేలితో రాయండమ్మా. పక్కటెముకలు అలా తగిలితే కుక్క చిక్కిపోయినట్టు. ఇప్పుడు చెయ్యి చాపి, వెనకవైపు రాయండి. అలా తగలాలి. ఇక అరచేతి వైపు చూడండి, మీ దానికి ఇలా ఉంది" అన్నారు. జున్ను బొచ్చులోకి వేళ్లు పోనిచ్చి ఎంత వెతికినా నాకు ఎముక దొరకలేదు. ఆ రోజు నిజంగా భయపడ్డాను. ఇలాంటి చిన్న జాతుల్లో మోకాలి చిప్ప పక్కకు జారడం, గాలి గొట్టం మెత్తబడి దగ్గు రావడం మామూలేనట. బరువు పెరిగితే ఆ రెండూ ఇంకా ముదురుతాయి.

ఆ తర్వాత లెక్క వేసుకున్నాను. జున్ను ఉండాల్సిన బరువు 5.2 కిలోలు. బరువు తగ్గించడానికి రోజుకు దాదాపు 240 కేలరీలే పెట్టమన్నారు. ఒక చిన్న గ్లూకోజ్ బిస్కెట్‌లో సుమారు 25 కేలరీలుంటాయి. నాలుగు పెడితే వంద, అంటే రోజు తిండిలో సగానికి కాస్త తక్కువ! మనకు చిటికెడు అనిపించింది దానికి ఒక పూట భోజనం. పెద్ద కుక్క విషయంలో ఈ తేడా అంతగా తెలియదు, ఐదు కిలోల కుక్క దగ్గర ప్రతి ముక్కా లెక్కే.

అందుకే నేను చెప్పే మొదటి మాట: డ్రై ఫుడ్ కంటే ముందు వంటింటి తూకం మిషన్ కొనండి. కప్పుతో కొలిస్తే ఒకరోజు 60 గ్రాములు, ఇంకోరోజు 80 వస్తుంది. నేను స్టీలు గిన్నె మిషన్ మీద పెట్టి, సున్నా చేసి, గింజలు పోస్తాను. బరువు తగ్గినన్నాళ్లు రోజుకు దాదాపు 60 గ్రాములు, రెండు పూటలుగా. "దానికింతేనా అమ్మాయ్, పిచ్చుకక్కూడా చాలదు" అని అత్తయ్య చాలా బాధపడ్డారు. ఎనిమిది నెలల్లో 5.3కి వచ్చింది. ఇప్పుడు 75 గ్రాములు పెడుతున్నాను.

ఇక బ్యాగ్ ఎంచుకోవడం. నేను వాడే కంపెనీ పేరు రాయడం లేదు, మా దానికి పడింది మీ దానికి పడకపోవచ్చు. కవర్ వెనక ఏం చూడాలో మాత్రం చెప్తాను. అది సంపూర్ణ ఆహారమని, ఏ వయసు కుక్కకో స్పష్టంగా రాసి ఉండాలి. అది లేకపోతే చిరుతిండి కింద లెక్క. వంద గ్రాములకు ఎన్ని కేలరీలో ఉండాలి, మాది 380. పదార్థాల జాబితాలో చికెన్ మొదట ఉందని మురిసిపోకండి. ఆ వరస వండకముందు బరువును బట్టి వేస్తారు, పచ్చి మాంసంలో ఎక్కువ భాగం నీళ్లే. ధాన్యాలు లేనిది మంచిదని ఒక షాపులో రెట్టింపు ధరకు అంటగట్టబోయారు. నేను తీసుకోలేదు. బఠానీ, పప్పులు ఎక్కువగా ఉన్న అలాంటి తిండికీ, కుక్కల్లో ఒక రకం గుండె జబ్బుకూ సంబంధం ఉందేమోనని అమెరికాలో ఆహారం, మందులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో పరిశీలన మొదలుపెట్టింది. గట్టిగా రుజువు కాలేదు. కానీ అన్నం పడే కుక్కకు ధాన్యం మానిపించాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

విశాఖలో ఉన్నవాళ్లు తప్పక పట్టించుకోవాల్సింది గాలిలో తేమ. ఒకసారి తక్కువకు వస్తోందని, విప్పిన బస్తాలోంచి లూజుగా తూచి ఇచ్చే చోట రెండు కిలోలు కొన్నాను. వానాకాలం. వారానికే జున్ను గిన్నె వాసన చూసి వెనక్కి తగ్గింది. పొగరు చేస్తోందని రెండు పూటలు అలాగే ఉంచాను. మూడో పూట నేనే వాసన చూశాను, పాత నూనె కనరు కొడుతోంది. వేళ్ల మధ్య నలిపితే గింజ విరగకుండా మెత్తగా నలిగింది. మొత్తం పారేశాను. అప్పటి నుంచి మూడు కిలోల బ్యాగ్ మించి కొనను, అది నలభై రోజులొస్తుంది. డబ్బాలో ఒంపకుండా, బ్యాగ్‌నే మడిచి క్లిప్ పెట్టి మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచుతాను. ధర 1,900 దాకా ఉంటుంది, అంటే రోజుకు 50 రూపాయల లోపే.

ఇంటి తిండి పూర్తిగా మానలేదు, కానీ రోజు కేలరీల్లో పదో వంతు దాటనివ్వను. ఉడికించిన గుమ్మడికాయ, క్యారెట్, వారానికి రెండుసార్లు ఉప్పు లేకుండా ఉడికించి ముళ్లు తీసిన కానాగంతలు ఒక చెంచా. పెదజాలారిపేట నుంచి చేపలు తెచ్చే ఆవిడ గొంతు వీధి మలుపులో వినబడగానే జున్ను తలుపు దగ్గర ఉంటుంది. కూరలో ముక్క కడిగి పెట్టడం మాత్రం వద్దు. ఉల్లి, వెల్లుల్లి ఉడికినా సరే కుక్క రక్తంలో ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. కిస్‌మిస్, చాక్లెట్, ఉడికిన ఎముకలు కూడా అంతే ప్రమాదం. వట్టి చికెన్ అన్నం ఏళ్ల తరబడి పెట్టేవాళ్లు కాల్షియం గురించి డాక్టరుతో మాట్లాడండి. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ.

డ్రై ఫుడ్‌తో నాకు తీరని అసంతృప్తి ఒకటుంది. గట్టి గింజలు నమిలితే పళ్లు శుభ్రపడతాయనుకున్నాను. నాలుగో ఏట వెనక పళ్లకు పసుపు గార పట్టింది, నోటి వాసన. ఇప్పుడు కుక్కల పేస్టుతో రాత్రిపూట తోముతున్నాను. మన పేస్టు వాడకూడదు, కొన్నింట్లో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కలకు విషం. నీళ్లు కూడా తక్కువ తాగేది. ఎండాకాలం గింజల్లో గోరువెచ్చని నీళ్లు కలిపి పెడతాను, కలిపింది అరగంటకు మించి ఉంచను. కంపెనీ మార్చాల్సి వస్తే పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ వారం పది రోజులు తీసుకోండి, లేదంటే విరేచనాలు.

ప్రతి నెలా ఒకటో తారీకున నేను జున్నును ఎత్తుకుని మనుషుల బరువు చూసే మిషన్ ఎక్కుతాను, తర్వాత ఒక్కదాన్నే ఎక్కుతాను. తేడా అత్తయ్య క్యాలెండర్ మీద రాస్తారు. ఈ నెల 5.3. సాయంత్రం టీ దగ్గర బిస్కెట్ బదులు, పొద్దున తూచిన 75 గ్రాముల్లోంచి పక్కన పెట్టిన పది గింజలు ఆవిడ చేత్తోనే ఒక్కొక్కటిగా పెడతారు. వచ్చే ఏడాది దానికి ఎనిమిది వస్తాయి. రక్తపరీక్ష చేయించి, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూశాకే వయసు మళ్లిన కుక్కల ఫుడ్‌కి మార్చాలా వద్దా నిర్ణయిస్తాం.