ఎనిమిది నెలలు ప్రోస్టేట్ క్యాప్సూల్స్ మింగాక యూరాలజీ ఓపీకి వెళ్లాను

ఇది రెండింటి మీద రివ్యూ. ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ప్రోస్టేట్ క్యాప్సూల్స్, రెండోది గుంటూరులో చూపించుకున్న యూరాలజీ (మూత్ర సమస్యలు చూసే) ఓపీ. ప్రోస్టేట్ అంటే మగవాళ్లకి బ్లాడర్ (మూత్రాశయం) కింద ఉండే గ్రంథి, వయసుతో పెరిగితే మూత్రానికి అడ్డుపడుతుంది. పేర్లు రాయడం లేదు. నా వయసు మగవాళ్లకి అక్కడ ఏం జరుగుతుందో ముందే తెలిస్తే భయం తగ్గి వెళ్తారని రాస్తున్నాను.

నాకు 64. టీచరుగా రిటైరయ్యాను. రెండేళ్లుగా రాత్రి మూత్రానికి నాలుగైదుసార్లు లేవడం, వెళ్లాక ధార మొదలయ్యేదాకా నిలబడి ఎదురుచూడడం, సన్నగా వచ్చి మధ్యలో ఆగి మళ్లీ రావడం, అంతా అయిపోయిందనుకుని లుంగీ సర్దుకున్నాక ఇంకో నాలుగు చుక్కలు పడడం. హైదరాబాద్‌లో మా అబ్బాయి దగ్గరికి బస్సులో వెళ్లాలంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేసేవాణ్ణి. మా ఆవిడ "షుగరేమోనండీ, ఒకసారి చూపించుకోండి" అంటూనే ఉంది. నేనే సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా ఫోన్‌లో ప్రకటన చూసి క్యాప్సూల్స్ తెప్పించుకున్నాను.

డబ్బా మీద సా పామెట్టో (ఒక పొట్టి తాటిజాతి చెట్టు పండ్ల సారం), జింకు, గుమ్మడి గింజల సారం అని ఉంది. రోజుకి రెండు, నెలకి ఏడొందల చిల్లర, ఎనిమిది నెలలు వాడాను. మొదటి నెల కొంచెం తగ్గినట్టే అనిపించింది, ఆ తర్వాత మళ్లీ మామూలే. ఈ మధ్య మా అబ్బాయి వెతికి చూపించాడు: అమెరికాలో ఈ సా పామెట్టో మీద రెండు పెద్ద అధ్యయనాలే జరిగాయి. 2006లో వచ్చినదాంట్లో 225 మందిని ఏడాది పాటు చూశారు. 2011లో వచ్చినదాంట్లో 369 మందికి మోతాదు మూడింతల దాకా పెంచి చూశారు. రెండిట్లోనూ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ, ఇది వేసుకున్నవాళ్లకీ తేడా కనపడలేదు. డబ్బులు పోయాయన్న బాధ కంటే మందు వాడుతున్నాను కదా అన్న ధీమాతో ఎనిమిది నెలలు పరీక్ష చేయించుకోకుండా గడిపేశానే అన్నదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. క్యాప్సూల్స్‌కి ఒక్క స్టారు.

ఓపీకి వెళ్లడానికి కారణం ఒక జలుబు మాత్ర. చలికాలంలో ముక్కు దిబ్బడ వేసి మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుని రెండు రోజులు వేసుకున్నాను. రెండో రాత్రి మూత్రం ఆగిపోయింది. పొత్తికడుపు రాయిలా బిగుసుకుపోయింది, బాత్రూంలో పంపు తిప్పి ఆ చప్పుడు వింటూ తెల్లవారుజాము దాకా కూర్చుంటే అప్పుడు బొట్లు బొట్లుగా వచ్చింది. నిజానికి అంతసేపు ఇంట్లో కూర్చోకూడదు, మూత్రం పూర్తిగా ఆగితే వెంటనే క్యాజువాలిటీకి వెళ్లి పైపు వేయించుకోవాలి, లేకపోతే కిడ్నీల మీద పడుతుందని తర్వాత డాక్టరు గట్టిగా చెప్పారు. ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ లాంటివి బ్లాడర్ మెడ దగ్గరి కండరాన్ని బిగిస్తాయట, వాటితో కలిపి ఇచ్చే క్లోర్‌ఫెనిరమిన్ బ్లాడర్ పిండుకునే బలాన్ని తగ్గిస్తుందట. ప్రోస్టేట్ పెరిగినవాళ్లు జలుబు మాత్ర కొనేముందు ఆ సంగతి షాపులో చెప్పి తీరాలి.

ఇక ఓపీ. పొద్దున ఏడున్నరకి టోకెన్ తీసుకున్నాను. ముందు ఒక కాగితం ఇచ్చారు, తెలుగులోనే ఏడు ప్రశ్నలు: పూర్తిగా ఖాళీ కాలేదనిపిస్తుందా, ఆగి ఆగి వస్తుందా, ఆపుకోలేకపోతున్నారా, ముక్కాల్సి వస్తోందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఇలా. ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు మార్కులు, మొత్తం 35. ఏడు దాకా తక్కువ, 8 నుంచి 19 మధ్యస్థం, 20 నుంచి పైన తీవ్రం. నాకు 21 వచ్చాయి. ఆఖర్న ఇంకో ప్రశ్న ఉంది, దానికి వేరే మార్కులు: ఇప్పుడున్నట్టే జీవితాంతం ఉంటే మీకెలా అనిపిస్తుంది? ఆ ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది. రెండేళ్లలో నన్నెవరూ అలా అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు.

తర్వాత ఫ్లో టెస్టు. గరాటు ఉన్న మిషన్‌లోకి మామూలుగా పోసి వచ్చేయడమే, నొప్పి లేదు, పక్కన ఎవరూ ఉండరు. సెకనుకి ఎన్ని మిల్లీలీటర్లు వస్తోందో గ్రాఫ్ గీస్తుంది. మొదటిసారి 90 మిల్లీలీటర్లే వచ్చాయని, కనీసం 150 ఉంటేనే లెక్కలోకి వస్తుందని మళ్లీ నీళ్లు తాగించి కూర్చోబెట్టారు. రెండోసారి ధార వేగం ఎనిమిది దాటలేదు. పదిహేను పైన ఉంటే బాగున్నట్టు, పది లోపు ఉంటే అడ్డు ఉందేమోనని అనుమానించాలట. స్కానింగ్‌లో ప్రోస్టేట్ 52 గ్రాములు, మామూలుగా 20 చుట్టుపక్కల ఉండాల్సింది. మూత్రం పోసి వచ్చాక కూడా లోపల 140 మిల్లీలీటర్లు మిగిలిపోతోంది. రాత్రి అన్నిసార్లు ఎందుకు లేస్తున్నానో ఆ అంకె చూశాక అర్థమైంది.

నాకు నచ్చనిది ఇక్కడే. బ్లాడర్ నింపుకుని రండి అని చెప్పి స్కానింగ్ దగ్గర గంటన్నర కూర్చోబెట్టారు. ఆపుకోలేకే వచ్చినవాళ్లం మేము. నా పక్కన ఎనభై దాటిన పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఉన్న ఒక్క బాత్రూంకి గడియ లేదు. పైగా వరండాలో "ప్రోస్టేట్ వాళ్లెవరు, ఇటు రండి" అని అందరి ముందూ కేక. టోకెన్ నంబరు పిలిస్తే సరిపోతుంది, దానికి పైసా ఖర్చు కాదు.

డాక్టరు మాత్రం తొందరపెట్టలేదు. "మాస్టారూ, వేలితో చూడాలి, అర నిమిషం ఇబ్బందిగా ఉంటుంది" అని ముందే చెప్పి చూశారు, గట్టి గడ్డలేమైనా తగులుతాయేమోనని. ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉందేమో చూసే పీఎస్‌ఏ రక్తపరీక్షకి రక్తం అంతకుముందే తీశారు, దాంతోపాటు షుగరు కూడా చూశారు. పీఎస్‌ఏ 2.8 వచ్చింది, షుగరు లేదు. వయసుతో వచ్చే ఈ వాపు క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు, కాకపోతే రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు కాబట్టి పరీక్ష చేస్తాం అన్నారు. ఇన్నాళ్లూ నేను భయపడి దాక్కున్నది క్యాన్సర్ అన్న ఆ ఒక్క మాటకే.

మందులు రెండు. రాత్రి భోజనం అయ్యాక టామ్సులోసిన్ 0.4, ఇది కండరాన్ని వదులు చేస్తుంది, నాకు నాలుగో రోజుకే ధారలో తేడా తెలిసింది. రెండోది డ్యుటాస్టెరైడ్ 0.5, గ్రంథిని మెల్లగా తగ్గిస్తుంది, కానీ ఫలితానికి ఆరు నెలలు ఓపిక పట్టాలి. డాక్టరు చెప్పిన జాగ్రత్తలు రాసి బీరువా తలుపుకి అంటించుకున్నాను. మంచం మీద నుంచి గబుక్కున లేవకూడదు, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి (మూడో రోజు నాకు తిరిగాయి, గోడ పట్టుకున్నాను). శుక్లాల ఆపరేషన్ అనుకుంటే టామ్సులోసిన్ వాడుతున్నట్టు కంటి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. డ్యుటాస్టెరైడ్ వల్ల పీఎస్‌ఏ సుమారు సగానికి పడిపోతుంది కాబట్టి ఆరు నెలల తర్వాత వచ్చిన అంకెని రెట్టింపు చేసి చూడాలి. రక్తదానం చేయకూడదు, మానేసిన ఆరు నెలల దాకా కూడా. గర్భిణులు కారిన క్యాప్సూల్‌ని ముట్టుకోకూడదు. మా అమ్మాయి అప్పుడు పురిటికి వచ్చి ఉంది, అందుకని డబ్బా అందకుండా పై అరలో పెట్టాను. వీర్యం తగ్గడం, కోరిక తగ్గడం కొందరికి ఉంటుందని నన్నూ మా ఆవిడనీ కూర్చోబెట్టి చెప్పారు, నాకది నచ్చింది.

ఆపరేషన్ సంగతి నేనే అడిగాను, ఎందుకంటే మా స్నేహితుడికి ఇంకో చోట స్కానింగ్‌లో సైజు చూసి అదే వారంలో చేయించుకోమన్నారట. సైజు ఒక్కటే చూసి చేయరని ఈయన అన్నారు. మూత్రం మళ్లీ మళ్లీ ఆగిపోవడం, ఇన్‌ఫెక్షన్లు, బ్లాడర్‌లో రాళ్లు, కిడ్నీలు దెబ్బతినడం, లేదా మందులకి లొంగకపోవడం, అప్పుడు టీయూఆర్‌పీయో (మూత్రనాళం గుండా పరికరం పంపి అడ్డున్న గ్రంథిని చెక్కి తీయడం) లేజరో చేస్తారు. ఇంట్లో చేసుకోవాల్సినవి కూడా చెప్పారు: సాయంత్రం టీ మానడం, పడుకునే రెండు మూడు గంటల ముందు నుంచి నీళ్లు తగ్గించడం (పగలు మాత్రం తగ్గించకూడదు), ఒకసారి పోసి రెండు నిమిషాలాగి మళ్లీ ప్రయత్నించడం.

మొత్తం ఖర్చు మందులు కాక 3,400 అయింది. క్యాప్సూల్స్‌కి పెట్టినదాంట్లో సగం కంటే కొంచెం ఎక్కువ. ఆరు నెలల తర్వాత అదే కాగితం మళ్లీ నింపితే 9 వచ్చాయి, ధార 13, లోపల మిగిలేది 40. రాత్రి ఒక్కసారే లేస్తున్నాను, ఒక్కోరోజు అదీ లేదు. పోయిన నెల హైదరాబాద్ వెళ్తూ బస్సులో నీళ్ల సీసా దగ్గర పెట్టుకున్నాను.

ఓపీకి ఐదుకి నాలుగు. బాత్రూంకి గడియ పెట్టి, స్కానింగ్ దగ్గర ఎదురుచూపు తగ్గిస్తే ఐదూ ఇస్తాను. వెళ్లేవాళ్లు సోమవారం వెళ్లొద్దు, జనం విపరీతం. వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదం అయినా సరే, సంచిలో వేసుకెళ్లండి. మూడు రోజుల పాటు ఎన్నిసార్లు వెళ్లారో, ఎంత పోశారో కొలగ్లాసుతో చూసి రాసుకెళ్తే డాక్టరుకి పని సులువు. ఆ స్నేహితుడు ఇప్పుడు ఆ లెక్కే రాస్తున్నాడు, గురువారం తీసుకెళ్తున్నాను.