కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ లెవెల్ 1: పెట్టిన డబ్బుకు న్యాయం జరిగిందా?

చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే మన బైకర్ల మనసు కొత్త ఎగ్జాస్ట్ (సైలెన్సర్) మీదకు పోతుంది. ఆ డబ్బు దాచుకుని ముందు ఈ స్కూలుకు వెళ్లండి. మలుపుల్లో బైకు ఎలా నడపాలో నేర్పడానికి కీత్ కోడ్ 1980లో అమెరికాలో మొదలుపెట్టిన స్కూలు ఇది. మన వైపు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, 3.7 కిలోమీటర్ల మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ (పాత పేరు మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్) మీద క్లాసులు పెడుతుంటారు. హైదరాబాద్ నుంచి నా అపాచీ ఆర్‌ఆర్ 310 బైకు తీసుకెళ్లాను.

కాసేపు క్లాసు, వెంటనే ట్రాక్, దిగగానే కోచ్‌తో మాటలు. మొదటి డ్రిల్ థ్రాటిల్ (యాక్సిలరేటర్) కంట్రోల్. ఒకటే గేరు, బ్రేకు ముట్టుకోకూడదు. మలుపులో బండి వంగి లైన్ (వెళ్లాల్సిన దారి) పట్టాక థ్రాటిల్ కొద్దిగా తెరిచి, మలుపు దాటేదాకా కుదుపు లేకుండా పెంచుతూ పోవాలి. థ్రాటిల్ మూసేస్తే ఎక్కువ బరువు సన్నటి ముందు టైరు మీద పడుతుంది. వెనక టైరు వెడల్పు కాబట్టి బరువులో దాదాపు 60 శాతం దాని మీద ఉండాలని వీళ్ల లెక్క. బోర్డు మీద అది అంకె మాత్రమే. ట్రాక్ మీద థ్రాటిల్ తెరవగానే వెనక టైరు రోడ్డును అదిమి పట్టడం నడుము దగ్గర తెలిసిపోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది చేతులు వదులు చేసే డ్రిల్. ట్యాంకును మోకాళ్లతో పట్టి, హ్యాండిల్ మీద బరువు వేయకుండా నడపాలి. కోచ్ నా ముందు వెళ్తూ మోచేతులు కోడి రెక్కల్లా ఆడించి గుర్తు చేశాడు. తర్వాత ల్యాపులో, బాగా వంగి ఉండగా చిన్న గతుకు తగిలింది. హ్యాండిల్ అరచేతుల్లో సన్నగా వణికి దానంతటదే సర్దుకుంది. బిగించి పట్టుకుని ఉంటే ఆ వణుకు బండంతా పాకేది, గ్రిప్ పోయిందన్న భయంతో థ్రాటిల్ మూసేసేవాళ్లం. టైరు మనతో మాట్లాడాలంటే చేతులు వదులుగా ఉండాల్సిందే.

మోకాలు రోడ్డుకు ఆనించి ఫొటో దిగాలని వెళ్తే మాత్రం నిరాశే, శరీరం ఎలా ఉంచాలనేది లెవెల్ 3లో చెబుతారు. ఫీజు, లెదర్ సూటు కలిపితే ఖర్చు గట్టిగానే అవుతుంది. అయినా నా వరకు ప్రతి రూపాయీ వసూలైంది. చెన్నై ఎండలో సూటు వేసుకుంటే ఒళ్లు తడిసి ముద్దవుతుంది, నీళ్లు, ఓఆర్‌ఎస్ దగ్గర పెట్టుకోండి. టైర్లు పాతబడితే వెళ్లేముందే మార్చండి. రబ్బరు గట్టిపడిన టైరు మీద ఈ ఫీల్ సగం కూడా అందదు.